మనసు జారేది మొదటి రౌండులోనే: ఈవెంట్స్‌కూ పరీక్షకూ గట్టిగా నిలబడే పద్ధతి

నల్లగొండ మేకల అభినవ్ స్టేడియంలోనో, పాలమూరు స్టేడియం గ్రౌండులోనో పొద్దున అయిదున్నరకు కాసేపు నిలబడి చూడండి. పోలీసు ఉద్యోగానికి తయారయ్యేవాళ్లు ఈవెంట్స్ కోసం, అంటే దేహదారుఢ్య పరీక్షల కోసం, పదహారు వందల మీటర్ల పరుగు మొదలుపెట్టినప్పుడు అందరిదీ ఒకటే జోరు. రెండో రౌండుకు గుంపు విడిపోతుంది. మూడో రౌండు సగానికి వచ్చేసరికి నడుం మీద చేతులు పెట్టుకుని నడిచేవాళ్లు కనపడతారు. నాలుగో రౌండులోకి అడుగుపెట్టినవాళ్లు మాత్రం ఎంత కష్టమైనా ఆగరు. అంటే అసలు చిక్కంతా మూడో రౌండుది. అప్పటికి మొదటి ఊపు పోయి ఉంటుంది, చివరి గీత ఇంకా కనపడదు.

పరీక్ష చదువుకూ అలాంటి దశ ఒకటుంది. కోచింగులో చేరిన కొత్తలో అందరికీ హుషారే. నోటిఫికేషన్ పడ్డాక చివరి నెల భయంతోనైనా చదువుతారు. మధ్యలో ఉండే ఆ పొడుగాటి నెలల్లోనే చాలామంది చేతులెత్తేస్తారు. పొద్దున్నే చూసే మోటివేషన్ వీడియో అక్కడ పనికిరాదు. దాని వేడి స్నానం చేసి వచ్చేలోపే చల్లారిపోతుంది. పనికొచ్చేది ముందే చేసి పెట్టుకున్న ఏర్పాటు. ఇక్కడ చెప్పేదంతా ఆ ఏర్పాటు గురించే. కానిస్టేబుల్, ఎస్సై, గ్రూప్స్ రాసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నా. ఆటల్లో ఉన్నవాళ్లు తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు.

ముందు, ఎక్కడ జారుతున్నారో కనిపెట్టండి

వారం రోజులు చిన్న నోట్‌బుక్కు ఒకటి వెంట పెట్టుకోండి. గ్రౌండులో ప్రతి రౌండు టైమూ విడిగా రాయాలి. ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. గట్టు మీద కూర్చున్న స్నేహితుడి చేతికిచ్చి, మీరు గీత దాటినప్పుడల్లా నొక్కమనండి.

2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. కొత్త నోటిఫికేషన్‌లో మారితే దాన్నే పట్టుకోండి. నాలుగు వందల మీటర్ల ట్రాకు మీద లెక్కవేస్తే మగవాళ్లకు రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు, ఆడవాళ్లకు 2 నిమిషాల 40 సెకన్లు పడుతుంది.

ఇప్పుడు ఒక కుర్రాడి రౌండ్లు ఇలా ఉన్నాయనుకోండి: 1:25, 1:45, 2:05, 2:05. మొత్తం 7:20. అయిదు సెకన్ల తేడాతో పోయింది. చూసినవాళ్లు "వీనికి దమ్ము లేదు" అంటారు. అతనూ నమ్ముతాడు. కానీ మొదటి రౌండు 1:25లో పరిగెత్తినవాడికి దమ్ము లేకపోవడమేంటి? అదే మనిషి ప్రతి రౌండూ 1:46లో పెట్టుకుంటే 7:04కు వచ్చేస్తాడు. విజిల్ మోగగానే పక్కవాళ్లు దూసుకుపోతుంటే తట్టుకోలేక వాళ్ల వెంట పడ్డాడు. కండరాలకు అందాల్సిన ఆక్సిజన్ మొదట్లోనే చాలక, ఆ అప్పు మూడో రౌండులో కట్టాడు. కాళ్లు ఆగింది మూడో రౌండులోనే అయినా మనసు జారింది మొదటి రౌండులో. మనోబలం అనగానే పళ్లు బిగించి నొప్పి భరించడమే అనుకుంటాం. పక్కవాడు ముందుకు పోతుంటే పోనివ్వడానికి అంతకంటే ఎక్కువ బలం కావాలి.

చదువులోనూ ఇలాగే వెతకండి. పుస్తకం మూసేసిన ప్రతిసారీ టైమూ కారణమూ ఒక్క లైనులో రాయండి. "మధ్యాహ్నం 2:30, అన్నం తిన్నాక నిద్ర." "రాత్రి 8, గ్రాండ్ టెస్టు ర్యాంకు చూశాక." "టెలిగ్రామ్ గ్రూపు తెరిచా." వారం తిరిగేసరికి రెండు మూడు కారణాలే మళ్లీమళ్లీ వస్తుంటాయి. మీరు పనిచేయాల్సింది వాటి మీదే. "నాకు ఏకాగ్రత లేదు" అని మొత్తం మనిషినే తిట్టుకుంటే ఎక్కడా పట్టు దొరకదు.

జారే చోటికి ముందే ఒక వాక్యం రాసి పెట్టండి

పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో ఒక వ్యాసంలో వివరించిన పద్ధతి ఇది. "బాగా చదవాలి" అనే సంకల్పం కంటే "ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను" అని ముందే కట్టుకున్న వాక్యం పని జరిగేలా చేయడంలో మెరుగు. ఆ క్షణంలో ఆలోచించే పని ఉండదు కాబట్టి, అలిసిపోయిన బుర్రకు కూడా అది అందుతుంది.

వాక్యం చిన్నదిగా, చేతితోనో కాలితోనో చేసే పనిగా ఉండాలి. కొన్ని నమూనాలు చూడండి.

విజిల్ మోగి అందరూ దూసుకుపోతే, మొదటి రెండు వందల మీటర్లు ఎవరినీ దాటను.

మూడో రౌండు గీత దాటగానే, భుజాలు వదులుచేసి ముందున్నవాడి వీపు మీద చూపు పెడతాను.

అన్నం తిన్నాక నిద్ర ముంచుకొస్తే, ఇరవై నిమిషాలు అలారం పెట్టి పడుకుంటా. లేచాక అర్థమెటిక్ మాత్రమే చేస్తా.

ర్యాంకు చూసి మనసు చెడితే, అదే పేపర్లో తప్పుపోయిన మొదటి అయిదు బిట్లు తెరుస్తా.

"ధైర్యంగా ఉంటాను", "పాజిటివ్‌గా ఆలోచిస్తాను" అని రాసుకోకండి. వాటిని ఎలా చేయాలో ఆ క్షణానికి ఎవరికీ తెలియదు. ఒకేసారి పది వాక్యాలూ వద్దు. నెలకు రెండు చాలు.

ఒక జాగ్రత్త. అలసట వేరు, ప్రమాదం వేరు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, పరుగుకు మించిన ఆయాసం ఉంటే ఆగిపోవాలి, డాక్టరుకు చూపించుకోవాలి. అక్కడ మొండితనం చూపించడాన్ని మనోబలం అనరు. మన పాలమూరు, నల్లగొండ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటాక టైం పెట్టుకుని పరిగెత్తకపోవడమే మేలు.

యూనిఫాం కలలు కొంచెం తగ్గించండి

ఫోను వాల్‌పేపర్ మీద మూడు నక్షత్రాల భుజం, రీల్స్ నిండా పాసింగ్ అవుట్ పరేడ్లు. చూస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది, నిజమే. కానీ 2002లో గాబ్రియేల్ ఓటింగెన్, డోరిస్ మేయర్ అనే పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. ఉద్యోగం వెతుక్కుంటున్న డిగ్రీ విద్యార్థుల్లో తియ్యటి ఊహల్లో ఎక్కువ తేలినవాళ్లకు, రెండేళ్ల తర్వాత చూస్తే, ఉద్యోగావకాశాలు తక్కువ వచ్చాయి, జీతాలూ తక్కువే. ఊహలోనే గెలుపు రుచి చూశాక ఒళ్లు వంచాల్సిన పని మనసుకు కనపడదు మరి. (ఓటింగెన్, పైన చెప్పిన గోల్‌విట్జర్ భార్యాభర్తలు. ఇద్దరి పద్ధతులూ కలిపి వాడుకోవచ్చని వాళ్లే నేర్పుతారు.)

కల మానేయమని కాదు. కోరుకున్నదాన్ని ఒక నిమిషం చూడండి. వెంటనే దానికి అడ్డం వచ్చే మీలోని విషయాన్ని ఇంకో నిమిషం చూడండి. పొద్దున అలారం ఆపి మళ్లీ పడుకునే చెయ్యి, రీజనింగ్ పుస్తకం చూడగానే ముడుచుకునే మనసు, ఏదైనా సరే. ఆ అడ్డానికి పైన చెప్పిన "ఫలానాది జరిగితే" వాక్యం ఒకటి రాయండి. రెండు నిమిషాల పని.

కష్టాన్ని మోతాదు చూసి పెంచండి

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గురుకుల పాఠశాల విద్యార్థిని. ఆమె మొదట కొండలెక్కడం నేర్చుకున్నది హిమాలయాల్లో కాదు, మన భువనగిరి కోట ఉన్న ఏకశిల మీద. తర్వాత డార్జిలింగ్, ఆపైన లడఖ్ చలి, ఆ తర్వాతే ఎవరెస్టు. పేపర్లు శిఖరం మీది ఫొటో వేశాయి. మనం నేర్చుకోవాల్సింది ఆ వరస.

ఊళ్లో బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండ్లు కట్టి, ధైర్యం వచ్చేకొద్దీ ఒక్కొక్కటే విప్పుతారు కదా, మీ సాధననూ అలా పేర్చుకోండి. మొదట ఇంట్లో, ప్రశాంతంగా, టైం చూడకుండా పేపరు చేయండి. తర్వాత టైం పెట్టుకుని. తర్వాత జిల్లా గ్రంథాలయంలో పదిమంది మధ్య. తర్వాత అసలు పరీక్ష జరిగే పొద్దుటి వేళకే, గట్టి కుర్చీలో, ఫ్యాను చప్పుడులో, మూడు గంటలూ లేవకుండా, ఓఎమ్మార్ షీటు జిరాక్సు మీద నల్ల పెన్నుతో గుండ్రాలు నింపుతూ. చాలామంది ఈ చివరి మెట్టు వదిలేస్తారు. ఇంట్లో మంచం మీద ఫోన్లో మాక్ టెస్టు రాసి వచ్చిన మార్కులను నమ్ముకుంటారు. తీరా హాలులో ఇన్విజిలేటర్ పక్కన నిలబడగానే చెయ్యి వణుకుతుంది.

గ్రౌండులోనూ వారానికి ఒకరోజు కావాలనే ఇబ్బంది పెట్టుకోండి. మీకంటే వేగంగా పరిగెత్తేవాళ్ల మధ్య నిలబడి, వాళ్లను పోనిస్తూ మీ 1:46 మీరు పరిగెత్తండి. చెప్పుకోవడానికి చిన్న పనే, చేసినప్పుడు తెలుస్తుంది.

చదివినట్టు అనిపించడం వేరు, గుర్తుండటం వేరు

ఆత్మవిశ్వాసం గురించి చెప్పేటప్పుడు చదివే పద్ధతి ఎందుకంటారా? దొంగ ధైర్యం ఎక్కువగా పుట్టేది అక్కడే. రంగు పెన్నుతో గీతలు గీస్తూ మూడోసారి చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని విద్యార్థుల మీద పరీక్షించారు. పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత వాళ్లకు గుర్తున్నది 42 శాతం. ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసినవాళ్లకు 56 శాతం.

కాబట్టి పేజీ అయ్యాక మూయండి. తెల్ల కాగితం మీద రాయండి. రాని చోట మనసు చివుక్కుమంటుంది. దాన్ని తట్టుకోవడమూ సాధనలో భాగమే.

తప్పుల పుస్తకం ఒకటి పెట్టండి. ప్రతి తప్పు పక్కన మూడింట్లో ఒకటి రాయండి: తెలియదు, తెలిసీ తప్పు, తొందర. ఉదాహరణకు నాగార్జునసాగర్ కాలువల బిట్టు. కుడిది జవహర్ కాలువ, ఎడమది లాల్‌బహదూర్ కాలువ. ఆ ఎడమ కాలువ నీళ్లతో వరి పండించిన మిర్యాలగూడ ఇళ్ల పిల్లలే దీన్ని తారుమారు చేస్తుంటారు. అది "తెలిసీ తప్పు". దానికి ఇంకో పుస్తకం కొనక్కర్లేదు, నాలుగుసార్లు మూసి రాయడమే మందు. నెల తర్వాత లెక్కేస్తే మీ తప్పుల్లో తొందరవి ఎన్నో తెలుస్తుంది. నేను చూసినంతలో, తెలివితేటలు లేవని కుమిలిపోయేవాళ్లలో చాలామందికి ఆ మూడో రకమే ఎక్కువ.

పని పడిన రోజులకు కనీస లెక్క

పత్తి ఏరే రోజులు వస్తాయి, నాట్లు వస్తాయి. అమ్మానాన్నలు పుణెకో బెంగళూరుకో పనికి పోయి, ఇంట్లో తాతనూ తమ్ముడినీ చూసుకునే బాధ్యత మీదే కావచ్చు. ఆ రోజుల్లో పది గంటల టైంటేబుల్ గోడ మీద నుంచి మిమ్మల్ని వెక్కిరిస్తుంది. రెండు రోజులు తప్పితే మూడో రోజు "ఎట్లాగూ పోయింది" అనిపిస్తుంది. ఆరంభశూరత్వం అంతమయ్యేది సరిగ్గా అక్కడే.

అందుకని ముందే రెండు టైంటేబుళ్లు రాసుకోండి, మామూలు రోజుకు ఒకటి, పని పడిన రోజుకు ఒకటి. రెండోది నవ్వొచ్చేంత చిన్నగా ఉండాలి. ఇరవై బిట్లు, పది నిమిషాల కరెంట్ అఫైర్స్, పదిహేను నిమిషాల నడక. చేసిన రోజు క్యాలెండరులో ఒకటే టిక్కు, మామూలు రోజైనా పని రోజైనా.

నిద్ర సంగతి ఒక్క మాటలో చెబుతా. నాలుగు గంటలే పడుకుంటున్నానని గొప్పగా చెప్పుకునేవాణ్ని ఆదర్శంగా తీసుకోకండి. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే.

దసరాకు ఊరికి పోతే

జమ్మి చేతిలో పెట్టి అలాయిబలాయి తీసుకుంటూనే అడిగేస్తారు: "ఏం బిడ్డా, నౌకరి ఏమాయె? ఇంకెన్నేండ్లు సదువుతవ్?" అడిగినాయనకు అది పలకరింపు. మీకు మాత్రం మూడు రోజులు చదువు సాగదు.

సమాధానం ఇంటి దగ్గరే తయారుచేసుకుని పోండి. "సదువుతున్న పెద్దనాయనా, పరీక్ష దగ్గరికొచ్చింది. నీ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది?" అంతే. వాదన వద్దు, సంజాయిషీ వద్దు. మోకాళ్ల గురించి మొదలైతే ఇక మీ నౌకరీ ఎవరికీ గుర్తుండదు.

ఇంట్లోవాళ్ల విషయం వేరు. వాళ్లది ఖర్చు, వాళ్లది ఆశ. వాళ్లతో కూర్చుని స్పష్టంగా మాట్లాడండి. ఎన్ని నెలలు పూర్తిగా చదువుతారు, ఆ తర్వాత పని చేస్తూ చదువుతారా, ఏ పరీక్ష దాకా ప్రయత్నిస్తారు అన్నది ముందే చెప్పుకుంటే రెండు వైపులా టెన్షన్ తగ్గుతుంది. గడువు పెట్టుకోవడం ఓడిపోవడం కాదు.

మీ చేతిలో లేనివి

ఇది రాయకుండా మన తెలంగాణ అభ్యర్థికి మనోబలం గురించి చెప్పడం అన్యాయం. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న జరిగింది. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, జూన్ 9న మూడోసారి రాయించారు. గ్రూప్-2 కూడా వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. ఇన్నిసార్లు మనసు కూడగట్టుకున్నవాళ్లకు "పాజిటివ్‌గా ఉండు" అని చెప్పడానికి నోరు రాదు.

వాయిదా వార్త వచ్చిన రోజు చదవకండి. కోపం న్యాయమైనదే, స్నేహితులతో తిట్టుకోండి, పడుకోండి. మర్నాడు పని రోజు టైంటేబుల్ పట్టుకోండి, మూడు నాలుగు రోజుల తర్వాత మామూలుది. పుకార్లకు రోజులో ఒకే సమయం పెట్టండి. సాయంత్రం పది నిమిషాలు, అధికారిక వెబ్‌సైట్ మాత్రమే. "రేపే నోటిఫికేషన్ అట" అనే గ్రూపులన్నీ మ్యూట్ చేయండి.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతకాలని లేదనిపించినా ఈ చిట్కాలు పక్కన పెట్టి 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ముందు రాత్రి, ఆ పొద్దున, హాలులో

ముందు రాత్రి కొత్త టాపిక్ తెరవద్దు. హాల్ టికెట్, గుర్తింపు కార్డు, పెన్నులు, నీళ్ల సీసా ఒకచోట పెట్టుకోండి. సెంటరు దూరమైతే వీలైనంతవరకు ముందు రోజే వెళ్లి చూసి రండి. పొద్దున బస్సు దొరకలేదన్న కంగారుతో గేటు దగ్గర పరిగెత్తినవాడికి మొదటి పావుగంట పేపరు కళ్లకు ఆనదు.

గుండె దడదడలాడుతుంటే అందరూ "టెన్షన్ పడకు" అంటారు. అడ్రినలిన్ మాట వినదు. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ చేసిన ప్రయోగాల్లో "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల కంటే "నాకు హుషారుగా ఉంది" అనుకున్నవాళ్లు పాటలోనూ, ప్రసంగంలోనూ, లెక్కల్లోనూ మెరుగ్గా చేశారు. దడను ఆపే ప్రయత్నం మాని "ఒళ్లు రెడీ అయింది" అనుకోండి. మరీ ఎక్కువైతే నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలేది పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో మిమ్మల్ని మీరే పిలుచుకుని ఏం చేయాలో చెప్పుకోవడం కూడా పనిచేస్తుంది. మనకు మనం చెప్పుకునే సలహా కంటే పక్కవాడికి చెప్పే సలహా ఎప్పుడూ నిదానంగానే ఉంటుంది కదా.

కానిస్టేబుల్ ప్రిలిమ్స్‌లో 200 బిట్లకు మూడు గంటలు. బిట్టుకు 54 సెకన్లు. ఇక్కడా మొదటి రౌండు జోరే కొంప ముంచుతుంది. మొదటి విడతలో చూడగానే వచ్చేవే చేయండి, లెక్క చేయాల్సిన వాటి పక్కన చుక్క పెట్టి కదలండి. రెండో విడతలో చుక్కలవి. మూడో విడతలో రెండు జవాబుల మధ్య ఊగిసలాడేవి. నెగెటివ్ మార్కులున్న పేపరైతే అసలు తెలియనివి వదిలేయండి. వరసగా మూడు బిట్లు రాకపోతే పెన్ను కింద పెట్టి, ఒక పొడుగాటి ఊపిరి వదిలి, వేరే సబ్జెక్టుకు వెళ్లండి. ప్రతి పది బిట్లకోసారి ప్రశ్న నంబరూ ఓఎమ్మార్ నంబరూ ఒకటేనా చూసుకోండి. ఒక్క వరుస జారితే ఏ మనోబలమూ కాపాడదు.

బయటికి వచ్చాక గేటు దగ్గర జవాబులు పోల్చుకునే గుంపులో నిలబడకండి. ఇంటికి పోయి తిని పడుకోండి. ప్రిలిమ్స్ తర్వాత ఈవెంట్స్ ఉన్నవాళ్లు, జవాబుల కీ కోసం ఎదురుచూడకుండా రెండో రోజు పొద్దున షూ లేసు కట్టుకుని మెల్లగా నాలుగు రౌండ్లు వేసి రండి. ఆ రోజుకు స్టాప్‌వాచ్ అక్కర్లేదు.